ఎయిర్ సస్పెన్షన్‌లో సన్న లీకు: తెల్లారేసరికి ఒరిగిపోయే బండిలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి ఉక్కు స్ప్రింగ్‌ల బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగ్‌ల మీద నిలబడుతుంది. వాటిలో సన్న లీకు ఉంటే, సాయంత్రం నిలిపినప్పుడు నిటారుగా ఉన్న బండి తెల్లారేసరికి ఒక మూలకు ఒరిగి ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే గాలి నింపే కంప్రెసర్ కాసేపు గుర్రుమంటుంది, నిమిషంలో బండి మళ్లీ లేచి నిలబడుతుంది. రోజంతా నడిపినా ఏ తేడా కనిపించదు. ఇలాంటి లీకును నెలల తరబడి ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. చివరికి కంప్రెసర్ కాలిపోయాక బండి గ్యారేజీకి చేరుతుంది. అక్కడ కొత్త కంప్రెసర్ వేసి పంపిస్తే, లీకు అలాగే ఉంది కాబట్టి అది కూడా పాతదాని దారే పడుతుంది.

సన్న లీకు దొరక్కపోవడానికి అది చిన్నది కావడం ఒక్కటే కారణం కాదు. దాన్ని కప్పిపుచ్చేది సస్పెన్షనే. గాలి తగ్గితే కంప్రెసర్ నింపేస్తుంది. ఒక మూల దిగితే, ఎత్తును అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంట్రోల్ మాడ్యూల్, మిగతా మూలలను సర్దేస్తుంది. లిఫ్ట్ ఎక్కిస్తే రబ్బరు సాగి, చిల్లు తాత్కాలికంగా మూసుకుపోతుంది. అందుకే సబ్బు నీళ్లు చేతిలోకి తీసుకునే ముందు టేపు, కాగితం, పెన్సిలు తీసుకోవాలి. ఏ మూల, ఏ ఎత్తులో, ఎంత సేపట్లో దిగుతోందో అంకెల్లో తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి పైగా తగ్గిపోతుంది.

అసలు ఎంత గాలి పోతోంది?

ఒక లెక్క వేసి చూస్తే లీకు పరిమాణం అర్థమవుతుంది. ఒక ఎయిర్ స్ప్రింగ్ పనిచేసే వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, లోపలి ఒత్తిడి బయటి వాతావరణ ఒత్తిడి (సుమారు 1 బార్) కంటే 7 బార్ ఎక్కువ అనుకుందాం. అది మోసే బరువు సుమారు 700 కిలోలు. పెద్ద కారులో ఒక చక్రం మీద పడే భారానికి ఇది దగ్గరగా ఉంటుంది. ఈ మూల 10 గంటల్లో 60 మి.మీ. దిగితే, స్ప్రింగ్ లోపల తగ్గిన పరిమాణం 600 మిల్లీలీటర్లు. బయటి వాతావరణ ఒత్తిడికి వచ్చాక అదే గాలి సుమారు 4.8 లీటర్లవుతుంది. నిమిషానికి 8 మిల్లీలీటర్లు. అంత గాలి పోవడానికి మిల్లీమీటరులో 100వ వంతు వ్యాసమున్న రంధ్రం చాలు. తల వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇది చెవికి వినిపించే లీకు కాదు. సబ్బు నీళ్లలో మాత్రం 5 మి.మీ. బుడగలు సెకనుకు రెండు చొప్పున వస్తాయి, తేలిగ్గానే కనిపిస్తుంది. అదే రాత్రికి 15 మి.మీ. మాత్రమే దిగే బండిలో రెండు సెకన్లకు ఒక బుడగ వస్తుంది. రాత్రికి 5 మి.మీ. అయితే ఆరు సెకన్లకు ఒకటి. సబ్బు నీళ్లు చల్లి, ఒకసారి చూసి, బుడగలు రాలేదని పక్కకు వెళ్లిపోయేవాళ్లకు ఈ లీకులు దొరకవు. చల్లిన ప్రతి చోటా రెండు మూడు నిమిషాలు కదలకుండా చూడాలి.

ఇంకో విషయం. లీకు లేని బండి కూడా రాత్రి కొంచెం దిగుతుంది. సాయంత్రం 32 డిగ్రీలు, తెల్లవారుజామున 17 డిగ్రీలు ఉంటే గాలి పరిమాణం దాదాపు 5% తగ్గుతుంది. స్ప్రింగ్‌లో 2 లీటర్ల గాలి ఉంటే 100 మిల్లీలీటర్లు తగ్గినట్టు, అంటే సుమారు 10 మి.మీ. కంప్రెసర్ అప్పుడే వేడి గాలి నింపి ఉంటే, అది చల్లారేటప్పుడు మొదటి గంటలో మరికొన్ని మిల్లీమీటర్లు పోతాయి. నాలుగు మూలలూ దాదాపు ఒకేలా, కొద్దిగా దిగితే కంగారు పడనక్కర్లేదు. ఒక మూల మిగతా మూడింటితో పోలిస్తే ఎంత ఎక్కువ దిగిందన్నదే చూడాలి.

రాత్రి పరీక్ష

బండిని సమతలమైన నేల మీద, మామూలు ఎత్తులో, చక్రాలు తిన్నగా పెట్టి నిలపాలి. చక్రం మధ్య బిందువు నుంచి దానికి నేరుగా పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు చోట్లా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి హెచ్చుతగ్గులు కూడా లెక్కలోకి వచ్చి చేరతాయి. కొలిచిన చోట చిన్న టేపు ముక్క అంటిస్తే మర్నాడు అదే చోట కొలవవచ్చు. బండి నిలిపి గంట గడిచాక తీసినదే మొదటి కొలత. ఆ తర్వాత రెండు, నాలుగు, పన్నెండు గంటలకు మళ్లీ కొలిచి, పక్కన ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి.

ఈ పరీక్షను పాడుచేసేది కంట్రోల్ మాడ్యూలే. చాలా బండ్లలో తలుపు తీసినా, రిమోట్ నొక్కినా మాడ్యూల్ మేలుకుని ఎత్తు సర్దుతుంది. కొన్ని బండ్లలో ఎవరూ ముట్టుకోకపోయినా కొన్ని గంటలకోసారి అదే లేచి చూసుకుంటుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ దిగిపోకుండా కంప్రెసర్ తిరగదు. అందువల్ల దిగిన మూలను పైకి లేపలేక, మిగతా మూలల్లో గాలి వదిలి వాటినీ ఆ మట్టానికే దించుతుంది. పొద్దున చూస్తే నాలుగు మూలలూ దిగి ఉంటాయి. లీకు మాత్రం ఒక్కచోటే. నాలుగు స్ప్రింగ్‌లూ పోయాయన్న తప్పుడు తీర్పు ఇక్కడే పుడుతుంది.

కాబట్టి బండి ఆపి, తాళం వేసి, ఎలక్ట్రానిక్స్ నిద్రలోకి జారుకునే దాకా అరగంట ఆగి, సస్పెన్షన్ మాడ్యూల్ ఫ్యూజు తీసేయాలి. ఏ ఫ్యూజు అన్నది ఆ బండి మాన్యువల్లో చూసుకోవాలి. ఫ్యూజు బాక్సు బానెట్ కింద ఉంటే, దాన్ని తెరిచి ఉంచుకునే బండిని నిద్రపుచ్చాలి. ఇదొక పరీక్ష లోపల ఇంకో పరీక్ష కూడా. ఫ్యూజు ఉన్నప్పుడు దిగే బండి, ఫ్యూజు తీశాక దిగకపోతే అది గాలి లీకు కాదు. ఎత్తు సెన్సరు లింకు వదులైనా, తుప్పు పట్టి బిగుసుకున్నా మాడ్యూల్‌కు తప్పుడు లెక్క వెళ్తుంది. ఆ లెక్క నమ్మి గాలి వదిలేది మాడ్యూలే. అలాంటప్పుడు సబ్బు నీళ్లతో ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు.

కొలతలు చెప్పేది చదవడం

ఒక్క మూలే దిగితే అనుమానించాల్సినవి నాలుగు: ఆ స్ప్రింగ్, దాని పైనున్న ఫిట్టింగ్, అక్కడి నుంచి వాల్వ్ బ్లాక్ (ఏ మూలకు గాలి వెళ్లాలో మళ్లించే వాల్వ్‌ల దిమ్మె) దాకా పైపు, వాల్వ్ బ్లాక్‌లో ఆ మూలకు సంబంధించిన, కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్. ముందు ఎడమ దిగినప్పుడు వెనక కుడి పైకి లేచినట్టు కనిపించవచ్చు. బాడీ ఆ మూలకు వాలిపోవడం వల్ల ఎదురు మూల లేస్తుంది, దానిలోకి గాలి ఎక్కి కాదు.

ఒకే ఇరుసు మీద రెండు పక్కలా సమానంగా దిగితే ముందు వాల్వ్ బ్లాక్ వైపు చూడాలి. రెండు స్ప్రింగ్‌లు ఒకే రోజు, ఒకే వేగంతో కారడం అరుదు. రెండు వాల్వ్‌లూ సరిగా మూసుకోకపోతే లోపలి ఉమ్మడి గదిలో గాలి కలిసిపోయి, రెండు పక్కలూ జంటగా దిగుతాయి.

గంటలో 30 మి.మీ. దిగి అక్కడితో ఆగిపోయే బండి చాలా సమాచారం ఇస్తుంది. ఎయిర్ స్ప్రింగ్ రబ్బరు గొట్టం కింది పిస్టన్ మీద మడత పడుతూ, బండి ఎత్తును బట్టి ఆ మడత పైకీ కిందికీ దొర్లుతుంది. ఒకే ఎత్తులో ఏళ్లు గడిచిన బండిలో రబ్బరు పగిలేది ముఖ్యంగా ఆ మడత దగ్గరే. బండి దిగగానే మడత వేరే చోటికి దొర్లుతుంది, పగులు పిస్టన్ గోడకు ఆనుకుని మూసుకుంటుంది, లీకు ఆగుతుంది. ఇలాంటి మెట్టు కొలతల్లో కనిపిస్తే స్ప్రింగ్ రబ్బరే దోషి అని గట్టిగా అనుమానించవచ్చు. ఫిట్టింగ్ లీకుకు ఎత్తుతో సంబంధం లేదు. అది ఏకబిగిన దిగుతూనే ఉంటుంది. చలి రాత్రుల్లోనే దిగే బండిలో ఓ-రింగ్‌లు (కీళ్ల దగ్గర గాలి ఆపే రబ్బరు వలయాలు), పైపు కీళ్లు ముందుగా చూడాలి. గట్టిపడిన రబ్బరు చలికి బిగుసుకుని, గాడిలో సరిగా కూర్చోదు.

ఇక బండి రాత్రంతా అంగుళం కూడా దిగదు, అయినా నడుపుతున్నప్పుడు కంప్రెసర్ మాటిమాటికీ మోగుతుంది. ఇది చాలామందిని తికమక పెట్టే రకం. బండి ఆగి ఉన్నప్పుడు సోలినాయిడ్ వాల్వ్‌లన్నీ మూసి ఉంటాయి కనుక స్ప్రింగ్‌లలో గాలి భద్రంగానే ఉంటుంది. కారేది వాటికి ఇవతలి భాగం: కంప్రెసర్ నుంచి వాల్వ్ బ్లాక్‌కు వెళ్లే పైపు, గాలిలో తేమ పీల్చే డ్రైయర్ మూత, నిల్వ ట్యాంకు, గాలిని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్, ప్రెషర్ సెన్సరు ఓ-రింగ్. ట్యాంకు ఉన్న బండిలో స్కానర్‌తో (బండి ఎలక్ట్రానిక్స్‌ను చదివి, ఆదేశాలిచ్చే పరికరం) సాయంత్రం ట్యాంకు ఒత్తిడి చూసి, పొద్దున మళ్లీ చూస్తే చాలు. ఉష్ణోగ్రత వల్ల తగ్గే కొద్దిపాటి వాటాకు మించి పడిపోతే దారి దొరికినట్టే.

సబ్బు నీళ్ల పని

ఒక వంతు గిన్నెలు తోమే సబ్బు ద్రవానికి పది నుంచి పదిహేను వంతుల నీళ్లు. ఒక చెంచా గ్లిజరిన్ కలిపితే పొర త్వరగా ఆరదు. గిలక్కొట్టకూడదు, ముందే నురుగు వస్తే అసలు బుడగ కనిపించదు. సన్న బ్రష్‌తో మెల్లగా పూయడం అన్నిటికంటే మంచిది. పెట్రోలు, డీజిలు, బ్రేక్ క్లీనరు లాంటివి స్ప్రింగ్ రబ్బరుకు తగలనివ్వకూడదు.

పరీక్ష జరగాల్సింది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. చక్రాలు వేలాడే లిఫ్ట్ మీద స్ప్రింగ్ పూర్తిగా సాగుతుంది, ఒత్తిడి పడిపోతుంది, పగిలిన మడత తిన్నగా అయిపోతుంది. లిఫ్ట్ మీద ఏమీ దొరక్క, కిందికి దించగానే దిగిపోయే బండి కథ ఇదే. చక్రాల కిందే ఆధారం ఇచ్చే నాలుగు స్తంభాల లిఫ్ట్ గానీ, గుంట గానీ, గట్టి ర్యాంపులు గానీ వాడాలి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ ఒక చివరికి తిప్పి, లోపలి ప్లాస్టిక్ లైనర్ తీసి చూడవచ్చు. మామూలు ఎత్తులో ఒకసారి, పై ఎత్తులో ఒకసారి, కింది ఎత్తులో ఒకసారి పూయాలి. ఒక్కో ఎత్తులో రబ్బరులో ఒక్కో భాగం మడత మీదికి వస్తుంది.

గాలి మీద మాత్రమే నిలబడిన బండి కిందికి చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు. బాడీ కింద స్టాండ్లు తప్పనిసరి, మాడ్యూల్‌ను జాకీ మోడ్‌లో (ఎత్తు సర్దకుండా ఆపే అమరిక) పెట్టడమో ఫ్యూజు తీయడమో కూడా తప్పనిసరి. ఒక ఫిట్టింగ్ ఊడితే బండి క్షణాల్లో కూలబడుతుంది.

మొదట స్ప్రింగ్ పైనున్న ఫిట్టింగ్ చూడాలి, ఎందుకంటే అది చేతికి అందేది, బాగు చేయడం తేలికైనది. తర్వాత రబ్బరును పైనా కిందా బిగించే లోహపు పట్టీలు, ఆ తర్వాత మడత. ముందు చక్రాల స్ట్రట్‌లలో (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) చాలావాటికి రబ్బరు గొట్టం చుట్టూ దుమ్ము తొడుగు ఉండి లోపల జరిగేది కనిపించదు. తొడుగు కింది క్లిప్పు వదులు చేసి పైకి జరిపి చూడాలి. తొడుగు మీద సబ్బు పూస్తే, గాలి ఎక్కడ బయటపడుతోందో తెలుస్తుందే గానీ ఎక్కడ పుడుతోందో తెలియదు. రబ్బరు గొట్టం లోపల దారాల పొర ఉంటుంది. కొన్నిసార్లు గాలి ఆ దారాల వెంట పాకి, చిల్లుకు దూరంగా పట్టీ దగ్గర బయటికి వస్తుంది. పట్టీ దగ్గర బుడగలు వచ్చాయని పట్టీ మాత్రమే బిగిస్తే ఫలితం ఉండదు. ఎటు చూసినా ఆ స్ప్రింగ్ మార్చాల్సిందే.

రబ్బరు పైపొర మీద సన్న గీతలు కనబడగానే అదే లీకు అనుకోవడం తొందరపాటు. ఎండకూ వయసుకూ పైపొర బీటలు వారుతుంది, లోపలి పొర గాలి ఆపుతూనే ఉంటుంది. బుడగ వచ్చిన చోటే లీకు.

పైపుల్లో వెతకాల్సిన చోట్లు కొన్నే: బ్రాకెట్ అంచుకు ఒరుసుకునే చోటు, సైలెన్సర్ వేడి తగిలే చోటు, చక్రం రాళ్లు విసిరే చోటు, ఎలుకలు కొరికిన చోటు.

వాల్వ్ బ్లాకా, స్ప్రింగా?

ఫిట్టింగ్, పైపు, రబ్బరు ఎక్కడా బుడగ రాకపోతే గాలి వాల్వ్ బ్లాక్ లోపలికే వెనక్కి పోతోందని అనుకోవాలి. సోలినాయిడ్ సీటు మీద ఇసుక రేణువంత చెత్త ఉన్నా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అయితే ఒక మూల వాల్వ్ కారినంత మాత్రాన గాలి బయటికి పోదు. ఉమ్మడి గదిలో ఒత్తిడి పెరిగి ఆగుతుంది, లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ కూడా కారితేనే బయటికి వెళ్తుంది. కంప్రెసర్ ఎగ్జాస్ట్ గొట్టం చివరను ఒక గ్లాసు నీళ్లలో వేలెడు లోతున ముంచి, బండి నిద్రలో ఉన్నప్పుడు గమనిస్తే ఇది తేలుతుంది. బుడగలు వస్తుంటే లోపలి వాల్వ్‌లు కారుతున్నట్టు. పరీక్ష అయ్యాక గొట్టం నీళ్లలోంచి తీయడం మరిచిపోకూడదు. కంప్రెసర్ కొన్ని నమూనాల్లో ఆ దారినే గాలి పీలుస్తుంది.

ఇంకో నిక్కచ్చి పద్ధతి మార్పిడి. స్కానర్‌తో ఒత్తిడి పూర్తిగా వదిలేసి, వాల్వ్ బ్లాక్ దగ్గర ఒకే ఇరుసు ఎడమ, కుడి పైపులను అటుదిటు చేయాలి. ఇప్పుడు బండి నడపకూడదు, స్వయంగా ఎత్తు సర్దనివ్వకూడదు. మాడ్యూల్ ఎడమ అనుకుని కుడికి గాలి పంపుతుంది. స్కానర్ ఆదేశంతో రెండు పక్కలా నింపి, ఫ్యూజు తీసి మళ్లీ రాత్రి పరీక్ష పెట్టాలి. దిగే మూల పక్కకు మారితే తప్పు వాల్వ్ బ్లాక్‌ది. పాత మూలే దిగితే తప్పు పైపుదో స్ప్రింగ్‌దో. ఒక రాత్రి ఖర్చవుతుంది గానీ, ఊహ మీద ఖరీదైన భాగం కొనడం కంటే ఇది మేలు.

బండి నుంచి తీసిన స్ప్రింగ్‌ను బయట పెట్టి గాలి నింపి చూడటం మాత్రం ప్రమాదం. బిగింపు లేని స్ప్రింగ్ పిస్టన్‌ను ఎగదన్నగలదు, పగిలిపోగలదు. అలాగే లీకు కనిపెట్టడానికి రంగు ద్రవాలు, మూయడానికి టైరు సీలెంట్లు లోపలికి పంపకూడదు. అవి డ్రైయర్‌నూ వాల్వ్ సీట్లనూ నాశనం చేస్తాయి. సబ్బుకు లొంగని లీకుకు 5% హైడ్రోజన్, 95% నైట్రోజన్ మిశ్రమం నింపి హైడ్రోజన్ పసిగట్టే పరికరంతో వెతికే మార్గం ఉంది. అది పొడి వాయువు కాబట్టి లోపల ఏ హానీ చేయదు.

ఒక లీకు ఇంకో లీకును పుట్టించే తీరు

కంప్రెసర్ నొక్కిన గాలి డ్రైయర్‌లోని తేమ పీల్చే గుళికల గుండా వెళ్లి స్ప్రింగ్‌లకు చేరుతుంది. బండి దిగాల్సి వచ్చినప్పుడు అదే గాలి ఆ గుళికల గుండా వెనక్కి వస్తూ, అవి పట్టి ఉంచిన తేమను బయటికి మోసుకుపోతుంది. డ్రైయర్ ఆరేది ఇలాగే. లీకు ఉన్న బండిలో గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, కానీ వెనక్కి డ్రైయర్ గుండా రాదు, చిల్లు దారిన పోతుంది. గుళికలు తడిసి ముద్దవుతాయి, తేమ వాల్వ్ బ్లాక్ దాకా వెళ్తుంది, తుప్పు మొదలవుతుంది, చలి ప్రదేశాల్లో వాల్వ్‌లలో మంచు కడుతుంది. గుళికలు పొడిగా రాలితే ఆ తెల్ల పొడి వాల్వ్ సీట్ల మీద చేరుతుంది. స్ప్రింగ్‌లో మొదలైన లీకు ఏడాది తిరిగేసరికి వాల్వ్ బ్లాక్‌లో ఇంకో లీకుగా తేలడం ఇలా జరుగుతుంది.

అందుకే పైపు విప్పినప్పుడు చివర తెల్ల పొడి కనబడితే డ్రైయర్ మార్చి, పైపులు పొడి గాలితో ఊది శుభ్రం చేయకుండా కొత్త వాల్వ్ బ్లాక్ బిగించడం వృథా. కంప్రెసర్ సంగతీ అంతే. అది కొద్ది నిమిషాలు పనిచేసి చల్లారేలా తయారైన యంత్రం. లీకు వల్ల రోజుకు ఎన్నో రెట్లు తిరిగితే పిస్టన్ రింగు అరిగి ఒత్తిడి అందదు, దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, అంటే రిలే, కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్న రిలే కంప్రెసర్‌ను ఆగకుండా తిప్పి కాల్చేస్తుంది. కాబట్టి కంప్రెసర్ మార్చినప్పుడు రిలే కూడా మార్చాలి. దానికంటే ముందు లీకు మూయాలి.

బాగు చేసేటప్పుడు జరిగే పొరపాట్లు

ఫిట్టింగ్ లీకు చాలాసార్లు పైపు చివర గీతల వల్లే. పైపు పొడవు సరిపోతే చివర 5 నుంచి 10 మి.మీ. కోసి మళ్లీ దూర్చవచ్చు. పైపు కోసే బ్లేడు కట్టరుతోనే పైపుకు లంబంగా, వంకర లేకుండా కోయాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే గుండ్రం పోయి ఓ-రింగ్ పట్టదు. లోపలికి ఎంత దిగాలో ముందే పైపు మీద గుర్తు పెట్టుకుంటే సగంలో ఆగిపోయిన సంగతి తెలుస్తుంది. ఓ-రింగ్ ఉన్న ఫిట్టింగ్‌కు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. దాని పీలికలు నేరుగా వాల్వ్ సీటు మీదికి చేరతాయి.

రబ్బరుకు పంచర్ ప్యాచ్ నిలవదు. నిమిషానికి ఎన్నోసార్లు దొర్లే మడత మీద ఏ అతుకూ అతికి ఉండదు. కొత్త స్ప్రింగ్ వేశాక, గాలి నింపకుండా బండి బరువు దాని మీదికి దించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఖాళీ రబ్బరు వంకరగా మడతపడి నలిగి, మొదటి రోజే దెబ్బతింటుంది. చక్రం గాలిలో ఉండగానే స్కానర్‌తో కొంత ఒత్తిడి నింపి, మడత చుట్టూ సమానంగా ఏర్పడిందో లేదో కళ్లతో చూసి, ఆ తర్వాతే మెల్లగా దించాలి.

లారీలు, బస్సుల్లో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ లేని చోట ఎత్తు సర్దేది లెవెలింగ్ వాల్వ్. ఒకే వాల్వ్ ఇరుసు రెండు పక్కలకూ గాలి ఇస్తుంటే, ఒక బెలూన్ (ఎయిర్ స్ప్రింగ్) కారినా రెండు పక్కలూ దిగుతాయి. అక్కడ రెండు బెలూన్లనూ పరీక్షించాలి. వాల్వ్ చేతి కడ్డీని మధ్య స్థానంలో ఉంచినా దాని ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి గాలి వస్తూనే ఉంటే తప్పు వాల్వ్‌ది. నైలాన్ పైపును ప్లయర్‌తో నొక్కి గాలి ఆపే అలవాటు మానుకోవాలి. నొక్కిన చోట పైపు తర్వాత పగులుతుంది.

పని పూర్తయ్యాక అదే టేపు గుర్తుల దగ్గర, అదే ఫ్యూజు తీసి, మళ్లీ పన్నెండు గంటల కొలత తీయాలి. బాగు చేసిన మూల మిగతా మూడింటితో 3, 4 మి.మీ. తేడాలోపు నిలబడితే లీకు పోయినట్టు. అంతకు మించి తేడా ఉంటే రెండో లీకు మిగిలి ఉంది. పెద్ద లీకు మూసుకున్నాక దాని వెనక దాగిన చిన్నది ఇప్పుడే బయటపడుతుంది.